అమ్మా అనకూడని బడి

మనుషుల బళ్ళలో బెంచీలుంటాయి, పెదకాపు దొడ్డి బడిలో గడ్డి ఉండేది. తేడా అంతే. మిగతా తంతు ఎక్కడైనా ఒకటే. టీచరు అరుస్తుంది, పిల్లలు నోరు మూసుకుంటారు, దాన్ని చదువంటారు.

ఆ బడి గడ్డివామి వెనకాల నడిచేది. టీచరు పేరు చుక్కమ్మ. చుక్కల పెట్టకోడి. మంచిదే పాపం, కష్టపడి చెప్పేది, కానీ నిశ్శబ్దమంటే ఆవిడకి మహా మోజు. పొద్దున్నే వామి మీదికెక్కి "రెక్కలు కట్టు! నోరు మూయ్!" అని కేకేసేది. కోడిపిల్లలు టక్కున రెక్కలు ముడిచి ముక్కులు బిగించేవి. మేకపిల్ల సింగడికి రెక్కలు లేవు కాబట్టి వాడు ముందుకాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుని, నిలవలేక బోర్లా పడేవాడు. పడినా నోరు మూసుకునే పడేవాడు. అంత క్రమశిక్షణ!

ఆ బడిలో ఇంకో పద్ధతి ఉంది. ఒకరు లేచి పాఠం చెబితే మిగతావాళ్ళంతా అదే రాగంలో అనాలి. ఎక్కాలైనా అంతే, పద్యాలైనా అంతే. లేచినవాళ్ళు ఏమంటే అది. ఒకసారి సింగడు ఎక్కం మధ్యలో తుమ్మితే బడంతా తుమ్మింది.

అక్కడే చదివేది బొద్దు అనే బాతుపిల్ల. బాతులకి గుడ్లు పెట్టడమే గాని పొదిగే ఓపిక ఉండదని, పల్లెల్లో బాతుగుడ్లు కోడి కింద పెడతారు కదా, అలా చుక్కమ్మ రెక్కల కింద కళ్ళు తెరిచింది. ఇంట్లో అమ్మ, బడిలో టీచరు. సొంతపిల్లని వెనకేసుకొస్తోందని ఎవరైనా అంటారేమోనని చుక్కమ్మకి భయం. అందుకని బడిలో "అమ్మా" అనకూడదని కట్టడి చేసింది. నోరుజారి అంటే వామి వైపు తిరిగి నిలబడాలి. బొద్దు చాలాసార్లు నిలబడింది. గడ్డిపరకల్ని అంత దగ్గరగా చూసినవాళ్ళు ఆ దొడ్డిలో ఇంకెవరూ లేరు.

అలా ఉండగా ఒకరోజు కాకి కబురు తెచ్చింది.

"చుక్కమ్మా, ఇకమీదట అన్ని బళ్ళలోనూ జాగ్రత్త పాఠం చెప్పాలట. ఒళ్ళెలా చూసుకోవాలి, మనసెలా చూసుకోవాలి, నలుగురితో ఎలా మెలగాలి, ఎవరైనా తేడాగా కనిపిస్తే ఏం చెయ్యాలి, అన్నీ. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడట కూడా!"

"ఎక్కాలకే పొద్దు చాలట్లేదు, ఇదొకటా!" అని విసుక్కుంది చుక్కమ్మ. కానీ ఇన్‌స్పెక్టరు మాట వినేసరికి ఈకలు సర్దుకుని మొదలుపెట్టేసింది.

ఒళ్ళు పాఠం బాగానే సాగింది. తినేముందు కాళ్ళు కడుక్కోవాలి, గోళ్ళలో మట్టి ఉండకూడదు. రోజూ గోళ్ళ తనిఖీ. ఆ తనిఖీ అంటే బొద్దుకి ప్రాణం. తనవి కడుక్కుని ఊరుకోకుండా వచ్చేపోయేవాళ్ళ కాళ్ళన్నీ చూసేది. ఆఖరికి గేదె కాళ్ళ దగ్గరికి కూడా పోయి "అత్తా, నీ గిట్టల్లో పేడ ఉంది" అని చెప్పి వచ్చింది. గేదె రెండు రోజులు ముఖం మాడ్చుకుంది.

తర్వాత జాగ్రత్త పాఠం. సింగడు లేచి చెప్పాడు, బడంతా రాగం తీసింది.

"నా ఒళ్ళు నాది!"

"నా ఒళ్ళు నాది!"

"నచ్చకపోతే వద్దంటాను!"

"నచ్చకపోతే వద్దంటాను!"

"దాచమన్నా దాచను, పెద్దవాళ్ళకి చెబుతాను!"

అందరూ అన్నాక బొద్దు లేచింది. "టీచర్, వద్దని ఎవరితో అనాలి?"

"ఎవరితోనైనా."

"పెద్దవాళ్ళతో కూడానా?"

"ఆఁ, పెద్దవాళ్ళతో కూడా."

"మీతో కూడానా?"

బడంతా కిచకిచా నవ్వింది. చుక్కమ్మ తురాయి ఎర్రబడింది. "టీచరుకే ఎదురు చెబుతావా? పాఠం పాఠమే, మర్యాద మర్యాదే. రెక్కలు కట్టు! నోరు మూయ్!"

బొద్దు నోరు మూసుకుంది. దడికున్న కంతకి అడ్డంగా కట్టేసి ఉన్న ముసలి ఎద్దు వీరన్న ఇదంతా వింటూ నెమరేస్తున్నాడు. బడి వదిలాక నెమ్మదిగా అన్నాడు.

"చుక్కమ్మా, మూసిన నోటితో వద్దని ఎలా అంటుందే పిల్ల?"

"నీకు తెలీదులే వీరన్నా. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"వంగిన మొక్కని చూస్తావా? ఇటు చూడు." వీరన్న మెడ వంచి చూపించాడు. కాడి పడ్డచోట కాయ కాచి, వెంట్రుక మొలవడం మానేసింది. "హై అంటే నడిచాను, హో అంటే ఆగాను. జ్వరమొచ్చిన రోజు కూడా హై అంటే నడిచాను. వద్దనే మాట నాకెవరూ నేర్పలేదమ్మా. ఇప్పుడు అనాలన్నా నోరు తిరగదు."

చుక్కమ్మకి మనసు చివుక్కుమంది. అయినా టీచరు గదా, ఒప్పుకుంటే ఎలా? "రేపు ఎక్కాలున్నాయి" అని వెళ్ళిపోయింది.

గోడకి చెవులుంటాయంటారు. దడికీ ఉంటాయి. ఆ చెవులు నక్కవి. బొద్దు గుడ్డులోంచి బయటపడ్డ నాటినుంచి నక్కకి దాని మీదే ధ్యాస. గుమ్మంలో కాపలాకుక్క ఉండబట్టి ఆగింది. ఇన్‌స్పెక్టరు వస్తాడన్న కాకి కబురు ఇదివరకే వింది, ఆ రోజు దడి వెనక నక్కి పాఠం కూడా మొత్తం వినేసింది. అలాంటి బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా ఆ పాఠం వింటే భయపడి పారిపోవాలి. నక్క మాత్రం మూతి నాక్కుంది.

"పిల్లలకి వద్దనడం నేర్పారు. ఆ నోరు మూయించడం నాకు నేర్పారు" అనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కుక్క పెదకాపు వెంట చేలోకి పోవడం చూసి, వంగతోటలో దిష్టిబొమ్మకి తొడిగిన చొక్కా ఊడదీసి తను తొడుక్కుంది. తోక లోపలికి దోపుకుంది. కంత దగ్గరికొచ్చి "తప్పుకో!" అని గద్దించింది. వీరన్న కునుకుతున్నాడు. కళ్ళయినా తెరవకుండా పక్కకి జరిగాడు. కట్టుతాడు కంటే అలవాటు గట్టిది మరి.

"ఎవరమ్మా ఇక్కడ టీచరు? నేను ఇన్‌స్పెక్టర్ని."

చుక్కమ్మ వామి మీంచి ఒక్క దూకు దూకి చేతులు కట్టుకున్నంత పని చేసింది. చొక్కా చూసింది, ముఖం చూడలేదు. చొక్కా ఉన్నవాడి ముఖం ఎవరు చూస్తారు?

"దయచెయ్యండి సార్! ముందుగా కబురు పెడితే నీళ్ళయినా చల్లించేదాన్ని."

"అక్కర్లేదు. జాగ్రత్త పాఠం చెబుతున్నావా?"

"ఏ రోజుకారోజు చెబుతున్నాం సార్. సింగడూ, లే!"

సింగడు లేచి చెప్పాడు, బడి దద్దరిల్లేలా అన్నారు. నక్క తల ఊపింది. "భేష్. కంఠతా బాగా వచ్చింది. ఇక ఆరోగ్య పరీక్ష." వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి నోరు తెరిచి చూసింది, డొక్క నొక్కి చూసింది. బొద్దు దగ్గరికొచ్చేసరికి నక్క నోట్లో నీళ్ళూరాయి.

"ఈ పిల్లకి కాస్త ఒళ్ళెక్కువ. విడిగా చూడాలి. కాలవ అవతల మా ఆఫీసుంది, తీసుకెళ్తాను."

చుక్కమ్మ బొద్దు వంక ఒకసారి చూసి అంది. "ఇక్కడే చూడొచ్చు కదండీ?"

"ఏమ్మా, నా మీద నమ్మకం లేదా? ఈ బడిలో పెద్దలంటే గౌరవం లేదని పైవాళ్ళకి చెప్పమంటావా?"

"అయ్యయ్యో, అంత మాటొద్దు సార్."

నక్క వంగి బొద్దు చెవిలో అంది. "అక్కడ నీకు నత్తగుల్లలు పెడతాను. ఎవరికీ చెప్పకేం? ఇది మనిద్దరి మధ్యే."

బొద్దుకి నత్తగుల్లలంటే ఇష్టమే. కానీ దాచమన్నా దాచకూడదన్న పాఠం గుర్తొచ్చి, చిన్న గొంతుతో "వద్దు టీచర్" అంది.

చుక్కమ్మ ఆలోచించే లోపే అలవాటు ముందు మాట్లాడేసింది. "నోరు మూయ్! పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకు!"

బొద్దు ముక్కు బిగించింది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నక్క దాని రెక్క పట్టుకుని కంత వైపు నడిపించింది. చుక్కమ్మ నిలబడి చూస్తూ ఉంది. ఒక కాలు ముందుకేసింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆ అడుగు గురించి ఆవిడ తర్వాత చాలాకాలం ఏడ్చింది.

బొద్దు తల దించుకుని నడుస్తోంది. తల దించుకుంటే కనపడేవి కాళ్ళే కదా. అలవాటు ప్రకారం నక్క గోళ్ళు చూసింది. బారెడు గోళ్ళు. వాటిలో మట్టి లేదు. ఎండిన నెత్తురు, దానికి అంటుకుని ఒక కోడి ఈక.

బొద్దు కాళ్ళు నేలకి తన్నిపట్టింది. ముక్కు తెరిచింది.

"వద్దు!"

లేచి చెప్పినవాళ్ళు ఏమంటే అదే అనడం ఆ బడి పద్ధతి. సింగడూ కోడిపిల్లలూ రాగం తీశారు.

"వద్దు!"

"నేను రాను!"

"నేను రాను!"

"నా రెక్క వదులు!"

"నా రెక్క వదులు!"

దొడ్డంతా మార్మోగింది. నక్క కంగారుపడి, దడి చాటున నేర్చుకున్న మంత్రం బయటికి తీసింది.

"రెక్కలు కట్టు! నోరు మూయ్!"

పిల్లలన్నీ టక్కున ముక్కులు బిగించాయి. సింగడు కాళ్ళు మెలేసుకుని బోర్లా పడ్డాడు. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. తన మాట, తన గొంతు వరసలో, నక్క నోట్లోంచి వినబడింది చుక్కమ్మకి. అప్పుడు మొదటిసారి ఆవిడ చొక్కా వదిలేసి ముఖం చూసింది.

ఆ నిశ్శబ్దంలో బొద్దు ఒక్కతే నోరు మూయలేదు. పాఠంలో లేని మాట, బడిలో అనకూడని మాట, గొంతు చించుకుని అంది.

"అమ్మా!"

"అనండర్రా!" అని అరిచింది చుక్కమ్మ. "నోళ్ళు తెరవండి! అందరూ అనండి!"

"అమ్మా!" అన్నారు అందరూ.

పిల్లలు ఎక్కం చెబితే ఏ తల్లీ రాదు. అమ్మా అంటే రాని తల్లి ఉంటుందా? తన పిల్లే పిలిచిందనుకుని మేక కొమ్ములు దించుకుని వచ్చింది, గేదె కుడితితొట్టి తన్నేసి వచ్చింది, దొడ్డిలోని పెట్టలన్నీ వచ్చాయి. అందరికంటే ముందు చుక్కమ్మ వెళ్ళి నక్క ముఖం మీద పడింది. గౌరవం లేదు, సారు లేదు, కన్ననక ముక్కనక పొడిచేసింది. నక్క రెక్క వదిలేసి కంత వైపు పరిగెత్తింది.

కంతకి అడ్డంగా వీరన్న నిలబడి ఉన్నాడు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాడు.

"తప్పుకో వీరన్నా! ఎవరు చెప్పినా వింటావు కదా, తప్పుకో!"

వీరన్న పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలాయి.

"వ... వద్దు. నేను జరగను."

వెనక గేదె, ముందు ఎద్దు. నక్కకి మిగిలింది ముళ్ళకంప ఒక్కటే. చొక్కా కంపకి వదిలి, ఒంటి మీది బొచ్చు సగం కంపకే వదిలి అవతలికి పడింది. తేలు కుట్టిన దొంగలాగ కిక్కురుమనకుండా కాలవ దాటింది. పారిపోయేటప్పుడు దాని తోక తన గిట్ట కింద పడిందని గేదె ఊరంతా చెప్పుకుంది. నక్క తోక తొక్కినదాన్నని తర్వాత చాలాకాలం గర్వపడింది.

చుక్కమ్మ బొద్దుని రెక్కల కిందికి లాక్కుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. సొంతపిల్లని వెనకేసుకొచ్చిందని ఎవరూ అనలేదు.

మర్నాడు బడి మామూలుగానే మొదలైంది. చుక్కమ్మ వామి మీదికెక్కి నోరు తెరిచింది, ఏదో అనబోయి ఆగింది. ఆగి, "కూర్చోండర్రా" అంది. సింగడు మొదటిసారి పడకుండా కూర్చున్నాడు.

బొద్దు లేచింది. "టీచర్, మొన్న అడిగింది మళ్ళీ అడగనా? మీతో కూడా వద్దనొచ్చా?"

వీరన్న నెమరేయడం ఆపాడు. చుక్కమ్మ కాసేపు కాళ్ళతో గడ్డి కెలికింది.

"అనొచ్చు" అంది. "ఎందుకో చెప్పాలి. నేను వినాలి."

"అయితే ఇప్పుడు ఎక్కాలు వద్దు."

"వద్దు!" అంది బడంతా, రాగంలో.

"ఎందుకే?"

"నిన్నటినుంచీ కాళ్ళు వణుకుతున్నాయి. కాసేపు మీ దగ్గర కూర్చుంటాను, అమ్మా."

ఎవరూ వామి వైపు తిరిగి నిలబడలేదు. చుక్కమ్మ రెక్క ఎత్తింది, బొద్దు దూరింది, దాని వెనకే కోడిపిల్లలన్నీ దూరాయి, సింగడు తల మాత్రం పట్టింది. ఆ పూట ఎక్కాలు లేవు.

పిల్లకి వద్దనడం నేర్పితే సరిపోదు, ఆ వద్దుని వినడం ముందు పెద్దలు నేర్చుకోవాలి.