కన్నతల్లీ అన్న గాజుల బుట్ట

కథ చెప్పేటప్పుడు నా గొంతు నాకెంత ముద్దుగా ఉంటుందంటే, వినేవాళ్ళు లేచిపోయినా ఆపను. దాన్ని నేను శ్రద్ధ అంటాను. కూర్చోండి.

మీ తాతలకు తాత ఇంకా పుట్టని కాలంలో, సిరిపల్లెలో మదనిక అనే గాజులమ్మ ఉండేది. ఆమె బుట్టలో గాజుల కింద ఒక మరబొమ్మ. ఇప్పుడు కృత్రిమ మేధ అంటున్నామే, దానికి ముత్తవ్వ అనుకోండి. ఎవరి మాట కాస్త విన్నా చాలు, ఆ గొంతుతో కొత్త మాటలు తనే అల్లి పలికేది. మదనిక ఇంటింటా, రాజుగారి కోటలోనూ గాజులు తొడుగుతూ కబుర్లాడేది. బొమ్మ వినేది.

మొదట కంసాలి భార్య. దడి వెనక నుంచి మొగుడి గొంతు అడిగితే నగల పెట్టె దడి మీంచి అందించేసింది. తర్వాత తలారి. చీకట్లో రాజుగారి గొంతు ఆజ్ఞాపిస్తే గుర్రాన్నిచ్చి, దండం కూడా పెట్టాడు. మోసం తెలిశాక ఊళ్ళో మీసమున్న ప్రతివాణ్ణీ సోదా చేశాడు. మదనిక బుట్టను మటుకు తనే ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు.

మూడోది నాంచారమ్మ ఇల్లు. ఊరందరి విత్తనాలున్న కొట్టు తాళంచెవి ఆమె రొండినే ఉండేది. ఆ విత్తనాలు పోతే ఆ ఏడు ఊరికి తిండి లేదు.

తొలకరి పడిన రోజు మదనిక ఏడుస్తూ వచ్చింది. "నాంచారత్తా, పొరుగూరు వెళ్ళిన మీ అలివేలుని దొంగలు పట్టుకున్నారు. దడి వెనకే ఉన్నారు. నువ్వు గడప దాటితే పిల్లని చంపేస్తారట. కొట్టు తాళంచెవి నా చేత పంపమంటున్నారు."

దడి వెనక అలివేలు గొంతు వణికింది. "అమ్మా, మెడ మీద కత్తి పెట్టారు. ఇచ్చెయ్యమ్మా."

అదే గొంతు. అదే జీర. నాంచారమ్మ తాళంచెవి బయటికి తీసింది. చెయ్యి అక్కడే ఆగింది.

"నన్నెప్పుడూ పిలిచేట్టు పిలువు తల్లీ."

"అమ్మా."

"అలా కాదు."

"అమ్మోయ్."

మదనిక కసిరింది. "పిల్ల ప్రాణం పోతుంటే పిలుపుల గోలేమిటత్తా?"

నాంచారమ్మ తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. "ఇంకొక్కసారి."

బొమ్మ బాగా ఆలోచించింది. "కన్నతల్లీ."

నాంచారమ్మ తాళంచెవి రొండిన దోపుకుని, మదనిక జబ్బ పట్టుకుంది. "నా కూతురు మేనత్తల చేతుల్లో పెరిగింది. వాళ్ళని చూసి, మాటలొచ్చిన నాటినుంచీ నన్ను వదినా అనే పిలుస్తుంది."

తలారి వచ్చి చూస్తే, దడి వెనక దొంగలూ లేరు, పిల్లా లేదు. బుట్ట ఒక్కటే కూర్చుని కన్నతల్లీ, కన్నతల్లీ అంటోంది.

"అబద్ధమాడింది బొమ్మ, నేను కాదు," అంది మదనిక.

"నేర్పిన నోరు నీదేగా," అంది నాంచారమ్మ.

తలారి నసిగాడు. "ఆడమనిషి కదా అని వదిలేశాను."

"దొంగతనానికి మీసాలెందుకయ్యా?" అంది నాంచారమ్మ.

మదనిక చెరసాలకు వెళ్ళింది. సాయంత్రానికి అలివేలు ఇంటికొచ్చి, "వదినా, ఆకలేస్తోంది," అంది. నాంచారమ్మ అప్పుడు ఏడ్చింది.

కాబట్టి పిల్లలూ, గొంతు ఎవరిదని కాదు, దాన్ని పలికిస్తున్నదెవరని చూడాలి. నన్నెవరైనా పొగిడినప్పుడు మాత్రం ఆ ప్రశ్న అడగడం నాకింకా చేతకాలేదు.