కప్పులేనమ్మ వెలసిన వరస

పూర్వం, రాజులు కోటలు కట్టించే కాలం గతించి దొరలు మిల్లులు కట్టించే కాలం ప్రవేశించినప్పుడు, ఉత్తరాంధ్ర సీమలో ఏటిగట్టున గోగునార విస్తారంగా పండే గోగులపేటలో ఒక గోనెసంచుల మిల్లు వెలసింది. అందులో చాకిరీ చేసే జనం తలదాచుకోవడానికి తూర్పు పడమరలుగా ఒకే వరసలో, ఇంటికీ ఇంటికీ నడుమ ఒకే గోడ ఉండేలా, లైన్లు కట్టించాలని మిల్లు దొర సంకల్పించాడు. చెరొక కొస నుంచీ కట్టుకుంటూ వచ్చి నడుమ కలుసుకోవాలని కన్నయ్య, అప్పలస్వామి అనే ఇద్దరు తాపీమేస్త్రులకు ఆనతి అయింది. గానుగసున్నంలో బెల్లపునీళ్ళూ కరక్కాయ కషాయమూ కలిపి వారు లేపిన గోడల్లో ఈనాటికీ మేకు దిగదు. తాటివాసాల మీద గూనపెంకులు, వరస పొడుగునా ఒకే పంచ, గాలి ఆడేందుకు ప్రతి ద్వారం మీదా అర్ధచంద్రాకారపు కన్నం. జమీందారు మేడకు ఆ చలవ లేదని మా పెద్దలు గొప్పగా చెప్పుకునేవారు, నేనూ చెప్పుకుంటాను.

మేస్త్రులిద్దరూ వియ్యంకులు, ఒకరి మాట ఒకరికి గిట్టదు. అందుచేత ఒకే కొలకర్ర వాడమంటే నామోషీ అనుకుని ఎవరి మూరతో వారు కొలుచుకుంటూ వచ్చారు. తీరా నడుమకు చేరేసరికి ఇంటికి చాలని, గోడకు మిగిలిపోయిన సందు ఒకటి తేలింది.

"నీ చెయ్యి కురసైపోనాది బావా," అన్నాడు కన్నయ్య.

"నీ నాలిక పొడుగైపోనాది బావా," అన్నాడు అప్పలస్వామి.

దొర వచ్చి చూసి నుదురు కొట్టుకుని, ఎప్పుడో ఇటుకలతో మూయించవచ్చులే అని వెళ్ళిపోయాడు. ఆ విధంగా వరస తూర్పు సగమూ పడమటి సగమూ అయి, నడుమ నంబరు లేని ఖాళీ మిగిలింది. మానవుల పొరపాటులోనే దైవానికి చోటు దొరుకుతుందన్న మాట మా లైన్లలో పుట్టిందే.

కొన్నాళ్ళకు ఆ లైన్లలో కాపురమున్న దాలమ్మ అనే ఇల్లాలి పెనిమిటి విషజ్వరంతో కాలం చేశాడు. మిల్లులో పనిచేసే మగవాడి పేరునే ఇల్లు ఇచ్చే కట్టుబాటు కావడంచేత, దినవారాలు ముగియగానే లైన్ల మీద అధికారం చేసే సర్దారు తవిటయ్య వచ్చి ఇల్లు ఖాళీ చేయించాడు. పుట్టింట ఎవరూ లేని దాలమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని, కుండా చట్టీ నెత్తిన పెట్టుకుని, తిన్నగా వెళ్ళి ఆ సందులో దిగింది. పక్కింటి బూదెమ్మ తొంగిచూసి, "ఒలమ్మా! ఇదేటే, ఇల్లా కోళ్ళగూడా? పక్కకి తిరగాలంటే పంచలోకి వచ్చి తిరగాల!" అని ఎకసెక్కెమాడింది. ఆడుతూనే వెళ్ళి తాటాకులు తెచ్చింది. ఆమెను చూసి మిగిలిన ఆడవాళ్ళూ తెచ్చారు. రెండు గోడల మీదా వాసాలు అడ్డంగా వేసి, ఆకు పరిచి, నారతాళ్ళతో బిగించి ఒక్కనాటిలో కప్పు వేసేశారు.

తవిటయ్య మండిపడి, "ఎవరి సెలవుతో దిగినావు?" అని గద్దించాడు.

"ఇది ఏ నంబరు ఇల్లో సెప్పు సర్దారు బావూ, ఇప్పుడే దిగిపోతాను," అంది దాలమ్మ.

లేని నంబరును అతడెక్కడి నుంచి తెస్తాడు? నలుగురూ నవ్వేసరికి అతడి పౌరుషం ఇంకా పెరిగింది. "సరే, ఇనుకో. గోడలు మిల్లువి. నీదన్నది నెత్తిమీద ఆకు ఒక్కటే. ఆ కప్పు నిలిచినన్నాళ్ళు ఉండు. అది దిగిననాడు ఈ సందు మూయించీకపోతే నా పేరు తవిటయ్య కాదు," అని నలుగురిలో పంతం పలికి, ఆ రోజు కోసమని సందు ముఖాన ఓ పక్కగా ఇటుకలు పేర్పించి పోయాడు. నాటినుంచి దాలమ్మకు ఆ తాటాకే ఇల్లు, వాకిలి, భూమి, పుట్ర. మిల్లుకు నార చిక్కుతీసే కూలికి పోతూ, వచ్చీరాగానే బిడ్డ ముఖమైనా చూడకముందు కప్పు వైపు చూసుకునేదట. గాలివానలకు ఆకు లేచిపోకుండా ముడి మీద ముడి వేసి, ఆ ఇటుకల్ని చూసుకుంటూనే ఏళ్ళు గడిపింది.

ఇట్లుండగా ఒక వేసవి మధ్యాహ్నం, మగవారంతా మిల్లులో ఉండగా, పడమటి కొసన ఒక పొయ్యిలోంచి రవ్వ లేచి పంచలో ఆరేసిన గోగునార మీద పడింది. పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. ఒకే పంచ, ఒకే వరస వాసాలు కావడంతో అగ్నిహోత్రుడు ఇంటి నుంచి ఇంటికి అడగకుండానే నడిచాడు. ఆడవాళ్ళు పిల్లల్నీ ముసలివాళ్ళనీ బయటికి లాగుతున్నారు. తూర్పు సగంలో ఇంకా మంచం పట్టినవారున్నారు, బాలింతలున్నారు, తవిటయ్య కన్నతల్లి ఉంది. మధ్యాహ్నపు గంజికి మిల్లు నుంచి ఇంటికి వచ్చి ఉన్న దాలమ్మ తలెత్తి చూసింది. పడమటి కప్పుకూ తూర్పు కప్పుకూ మధ్య ఉన్నదల్లా తన తాటాకు ఒక్కటే. నిప్పుకు అదే వంతెన.

బిడ్డ చెయ్యి బూదెమ్మ చేతిలో పెట్టి, నడుముకు కొడవలి దోపుకుని, పేర్చి ఉన్న ఆ ఇటుకల మీదుగానే కప్పు మీదికి పాకింది.

"ఒలే దాలీ! మతిపోనాదేటే? అది దింపీసి రేపెక్కడుంటావే?" అని బూదెమ్మ గుండెలు బాదుకుంది.

"ఇది లేకపోతే నా కొంపొక్కటే లేదు, ఇది ఉంటే అన్ని కొంపలూ లేవు. అరవకుండా కిందపడ్డ ఆకు దూరంగా ఈడ్చు!"

తన చేత్తో వేసుకున్న ముళ్ళన్నీ తన చేత్తోనే కోసింది. ఆఖరి వాసం కిందికి దొర్లేసరికి మంట సందు అంచుకు వచ్చి, తాటిచెట్టంత ఎత్తు లేచి, చేతులు చాచి వెతుక్కుందట. ఆ క్షణాన పడమటి గాలి ఊపిరి బిగబట్టినట్టు నిలిచిపోయిందని పెద్దలు చెబుతారు. అగ్నిదేవుడు దాటే తోవ లేక అక్కడే చతికిలబడి, బూడిదై చల్లారాడు.

మిల్లు కూత విని పరుగున వచ్చిన తవిటయ్య, క్షేమంగా ఉన్న తల్లిని చూశాడు, కప్పులేని సందులో కాలిన చేతులతో కూర్చున్న దాలమ్మను చూశాడు. పంతం ప్రకారం ఆనాడే సందు మూయించాలి. ఇటుకలు ఎదురుగానే ఉన్నాయి. అతడు తలపాగా విప్పి, "అమ్మా, కప్పు నానే ఏయిస్తాను, ఈసారి పెంకుతో," అన్నాడు. దాలమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు బావూ. దీని నెత్తిన ఏదేసినా రేపు మళ్ళీ నిప్పు దాటుతాది. దీన్ని ఇలాగే ఉండనీండి."

మిల్లువారు పడమటి సగంలో నిలిచిన గోడల మీద తిరిగి కప్పు వేయించి, సందు పక్క ఇంటిని దాలమ్మ పేరనే ఇచ్చారు. మా వరసలో ఆడమనిషి పేరున పడిన మొదటి గడప అదే. ఆమె కాలం చేశాక, సందు మూయడానికి తెచ్చిన ఇటుకలతోనే అక్కడ గద్దె కట్టి, రాయి నిలిపి, కప్పులేనమ్మ అని కొలవసాగారు.

ఇప్పుడు మిల్లు లేదు. లైన్లున్నాయి. ప్రభుత్వంవారు వీటిని వారసత్వ కట్టడంగా ప్రకటించి పలక పెట్టినప్పుడు, ఇంజనీరుగారు భక్తితోనే, అమ్మ వానకు తడవకుండా అద్దపు కప్పు వేయిద్దామన్నారు. బూదెమ్మ మునిమనవరాలు చేతులు జోడించి, "అమ్మ నెత్తిన కప్పెడితే మా నెత్తిన నిప్పెట్టినట్టే బాబూ," అంది. ఆయన నవ్వి, పటంలో ఆ సందును ఖాళీగానే గీయించారు.

ఏటా తొలకరికి ముందు, పెంకులు సర్దుకునే రోజుల్లో, ఒక మంగళవారం వరసలోని ప్రతి ఇల్లూ తన కప్పులోంచి ఒక పెంకు దించి అమ్మ ముందు పెడుతుంది. పూజ ముగిసేవరకు ఇంటింటా నట్టింట్లో పెంకంత ఆకాశం కనబడుతుంది, పెంకంత ఎండ పడుతుంది. ఆ ఎండలో పసిపిల్లల్ని కూర్చోబెడతాం. దూరం నుంచి వచ్చినవారు సందులోకి తొంగిచూస్తే పడమటి గోడ నిలువెల్లా నల్లని మసి, తూర్పు గోడ మచ్చలేని తెల్లని సున్నం అగుపిస్తాయి. ఎన్ని వానలు కురిసినా ఆ మసి కడుక్కుపోలేదు. ఆ నలుపుకూ ఆ తెలుపుకూ నడుమ, నెత్తిన ఆకాశం పెట్టుకుని, ఆమె కూర్చుని ఉంటుంది.