రాజుగారి కారు వెల

జోగారావు మాస్టారిని ఎవరైనా సూటిగా ఒక ప్రశ్న అడిగితే సూటిగా జవాబు రాదు. "చూద్దాం పద" అంటారు. పాలిటెక్నిక్‌లో ఏళ్ళ తరబడి ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు పాత కార్లకు వెల కడుతుంటారు. విశాఖపట్నంలో అలాంటి కార్లు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఆయన మాట మీదే బేరం కుదుర్చుకుంటారు కాబట్టి, ఆ "చూద్దాం పద" ఎంతకాలం పట్టినా ఓపిక పడతారు.

ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకుంటున్న యశోధర ఒకనాడు అడిగింది. "మాస్టారూ, ఎప్పటిదో పాత కారుని అదే రూపంతో, అదే పేరుతో కంపెనీవాళ్ళు మళ్ళీ కొత్తగా చేసి అమ్ముతుంటే, పాతదాని విలువ పెరుగుతుందా, తరుగుతుందా?"

ఆమె ఊరికే అడగలేదు. పెదవాల్తేరులో దంతులూరి నరసరాజుగారి ఇంట్లో రెండు తలుపుల అమెరికన్ కారు ఒకటుంది. పొడుగాటి బానెట్టు, ఎడమవైపు స్టీరింగు, స్టార్ట్ చేస్తే వీధి చివరిదాకా వినబడే ఇంజను. ఎప్పుడో రిఫైనరీలో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు స్వదేశం వెళ్ళిపోతూ రాజుగారి అన్న రామభద్రరాజుకి అమ్మిపోయాడట. అన్న పోయాక అది తమ్ముడి చేతికి వచ్చింది. ఇప్పుడు తమ్ముడు మోకాళ్ళు అరిగిపోయి క్లచ్ తొక్కలేకుండా ఉన్నాడు. షెడ్డులో తుప్పుపట్టించడం కన్నా, నడుపుకునేవాడికి ఇచ్చేస్తే అన్న ఆత్మ శాంతిస్తుందనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ కారు కొత్త అవతారం ఎత్తి దేశంలోకి దిగింది. అంతకుముందు నెలకొకరైనా ఫోన్ చేసి అడిగేవారు. ఇప్పుడు అడిగేవాళ్ళే లేరు.

యశోధర తనలో తాను తీర్పు రాసేసుకుంది. కొత్తదానికి ఏసీ ఉంది, బ్రేకు పడుతుంది, వానలో కారదు. చూడ్డానికి రెండూ ఒకటే. ఇక పాతది ఎవరిక్కావాలి?

మాస్టారు ఆమె మాటలన్నీ విని, "ఆదివారం రాజుగారింటికి వెళ్దాం పద" అన్నారు.

ఆదివారం పొద్దున వాళ్ళు వెళ్ళేసరికి రొయ్యల ఎగుమతి వ్యాపారి మురారి అక్కడున్నాడు. తన కొత్త కారు పట్టుకు రమ్మని మాస్టారే కబురు పెట్టారు. పాత కారు కోసం ఆరేళ్ళు రాజుగారి చుట్టూ తిరిగి, కాదనిపించుకుని, చివరికి కొత్తది కొనుక్కున్నవాడతను. వెంట బావమరిది ఫణీంద్ర కూడా వచ్చాడు. ఆ కుర్రాడిది కాకినాడ. బావ కారు చూసి మోజుపడి, తనూ అలాంటిదే బుక్ చేద్దామని విశాఖ వచ్చాడు.

రెండు కార్లూ పక్కపక్కన నిలబడ్డాయి. కొత్తదాని నీలం రంగు అద్దంలా మెరుస్తుంటే, పాతదాని నీలం ఉప్పుగాలికి వెలిసి బూడిదరంగులోకి దిగింది. రాజుగారు దానివైపు చూసి చిన్నబోయారు.

"కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా మాస్టారూ! రేపు పెయింటరు వస్తున్నాడు. రంగు, సీట్లు, తలుపు అన్నీ కొత్తదాన్లా మార్పించేస్తాను. అప్పుడైనా ఎవరో ఒకరు అడక్కపోరు."

మాస్టారు మురారివైపు తిరిగారు. "మురారీ, ఆరేళ్ళు కోరుకున్నావు. ఒకసారి దాన్ని నడిపిరా. రాజుగారూ, మీరు ఆ కొత్తది నడపండి," అన్నారు.

ఫణీంద్ర బావ పక్కన ఎక్కాడు. యశోధర రాజుగారి పక్కన కూర్చుంది. కొత్త కారుకి క్లచ్ లేదు. బీచ్ రోడ్డెక్కి రుషికొండ వైపు తిప్పేసరికి రాజుగారి ముఖం విప్పారింది. రెండేళ్ళయింది ఆయన స్టీరింగు పట్టుకుని. "అమ్మాయీ, మోకాలన్నది ఉన్నట్టే తెలియట్లేదే! అన్నయ్య ఉంటే దీన్ని దిగేవాడు కాదు" అని పసిపిల్లాడిలా నవ్వారు. యశోధరకి తన తీర్పు మీద ఇక అనుమానం లేకపోయింది. సొంతదారే ఇలా అంటుంటే ఇంకెవరు ఏమంటారు?

వాళ్ళు తిరిగొచ్చిన కాసేపటికి పాత కారు గేటులోకి వచ్చింది. మురారి చొక్కా చెమటతో తడిసి ముద్దైపోయింది. ఇందులో గేరు కుడివైపుందని మరిచి, దానికోసం అతని ఎడమచెయ్యి దారంతా తలుపునే తడుముతూ వచ్చిందట.

"బతికించారు రాజుగారూ!" అంటూ దిగాడు. "అప్పుడు మీరు సరేననుంటే ఏమైపోయేవాణ్ణి? నాక్కావలసింది ఆ రూపమేనండీ, ఈ కుస్తీ కాదు."

రాజుగారు నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. అన్న చేతి వస్తువు తన కళ్ళముందే ఎవరికీ అక్కర్లేనిదైపోయింది.

ఫణీంద్ర మాత్రం దిగలేదు. పక్కసీట్లోంచి స్టీరింగు ముందుకి జరిగి, "ఒక్కసారి నేనూ తిప్పుకొస్తానండీ" అన్నాడు. రాజుగారు తలూపారు.

ఎంతసేపటికీ అతను రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మురారి కొత్త కారేసుకుని వెతకబోతుండగా వీధి చివర ఇంజను మోత వినబడింది. ఫణీంద్ర చేతులకి మసి, చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"జోడుగుళ్ళపాలెం ఎత్తు దగ్గర ఆగిపోయిందండీ. జాలర్లు నలుగురు తోశారు. రెండో గేరులో క్లచ్ వదిలేసరికి ఒక్క అరుపు అరిచి లేచింది!" దిగుతూ తలుపు వెయ్యబోయాడు. పడలేదు. "దీన్ని కాస్త ఎత్తి వెయ్యాలా అండీ?"

"అన్నయ్య ఆ కిటికీ మీద మోచెయ్యి ఆనించి మొత్తం బరువు దానిమీదే వేసేవాడు. కుంగిపోయింది. అదీ రేపు మార్పించేస్తున్నా."

"వద్దండీ!" ఫణీంద్ర గబుక్కున తలుపు మీద చెయ్యి వేశాడు, పెయింటరు అప్పుడే వచ్చి నిలబడ్డట్టు. "ఏదీ మార్చకండి. రంగు కూడా."

రాజుగారు అతని దగ్గరికి వచ్చారు. "ఈ కారు సంగతి నీకెన్నాళ్ళుగా తెలుసు బాబూ?"

"బావ కొత్తది కొనేదాకా పేరు కూడా తెలీదండీ. అది చూశాక, దేన్ని చూసి చేశారబ్బా అని ఫోటోలు వెతకడం మొదలెట్టా. ఈ ఊళ్ళోనే ఉందని పొద్దున బావ చెప్పేదాకా తెలీదు." కాస్త తటపటాయించి ఒక ధర పలికాడు. ఒకప్పుడు మురారి ఇస్తానన్నదానికన్నా అది ఎక్కువే. మురారి నోరు తెరిచాడు. "ఒరేయ్, ఆ డబ్బుకి ఇంకాస్త కలిపితే కొత్తదొస్తుందిరా!"

"తెలుసు బావా."

రాజుగారు మాస్టారివైపు చూశారు. మాస్టారు తన హెల్మెట్ చేతిలోకి తీసుకున్నారు. రాజుగారే లోపలికి వెళ్ళి పెయింటరుకి ఫోన్ చేసి రావద్దన్నారు. తాళంచెవి తెచ్చి ఫణీంద్ర మసిచేతిలో పెట్టి, అతని వేళ్ళు తన వేళ్ళతో మూశారు. "ధర సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆగిపోయినప్పుడు మాత్రం దాన్ని తిట్టకు," అన్నారు.

స్కూటరు దగ్గరికి వచ్చాక యశోధర ఉండబట్టలేక అంది. "మురారిగారి లెక్కన కొత్తది వచ్చి పాతదాని విలువ దింపేసింది. ఈ అబ్బాయి లెక్కన అదే వచ్చి పెంచింది. రెండూ ఒక్కపూటలోనే చూశాను. ఇంతకీ ఆ కారు వెల ఎంతని రాయమంటారు మాస్టారూ?"

మాస్టారు హెల్మెట్ పట్టీ బిగించుకున్నారు.

"ఇవాళ మనం వెల కట్టింది కారుకా అమ్మా, దాన్ని కోరుకున్న మనసులకా?"