పూసిన వెదురు పంజరం

చిన్న కథే. నోట్లో వక్క నమిలేలోపు అయిపోతుంది. అయితే ముందు ఆ రాజు సంగతి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. రాజు సంగతి చెప్పాలంటే వాళ్ల నాన్న సంగతి చెప్పాలి. అది పిల్లల ముందు చెప్పేది కాదు, వదిలేద్దాం.

కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. ఒక రాజు ఉండేవాడు. పాలు తాగేముందు ఆవుని పిలిపించి ఎగాదిగా చూసేవాడు. తన నీడ తన వెనకే ఎందుకొస్తోందో కనుక్కోమని మంత్రికి చెప్పేవాడు. రాజ్యమంతా అలాగే తయారైంది. పక్కింటివాళ్లు పులుసు పంపితే ముందు గిన్నె అడుగు చూసేవాళ్లు. ఇప్పుడు మన వీధిలో అలాంటివాళ్లు లేరు. ఉన్నా నేను పేర్లు చెప్పను.

ఒకరోజు మంచుకొండల అవతలి రాజు ఒక పంజరం పంపాడు. అందులో ఒక జంతువు. ఒళ్లు తెలుపు. చెవులు నలుపు, కాళ్లు నలుపు, కళ్ల చుట్టూ కాటుక చెరిగినట్టు నలుపు. ఇప్పుడైతే పాండా అంటాం. అప్పటివాళ్లకి ఆ పేరు తెలియదు. దాంతోపాటు ఒక ఉత్తరం. స్నేహానికి గుర్తుగా పంపుతున్నామనీ, పదేళ్లు ఉంచుకోమనీ, తర్వాత తామే వచ్చి తీసుకువెళ్తామనీ ఉంది అందులో.

"ఊరికే ఎవరైనా పంపుతారా?" అన్నాడు రాజు.

మంత్రి దాని కళ్లు చూశాడు. అది వేగు అనీ, నిద్ర మానుకుని మన రహస్యాలు వింటుంది కాబట్టే కళ్లు అలా నల్లబడ్డాయనీ తేల్చాడు. నోరు విప్పుతుందేమోనని పాయసం పెట్టించాడు. ముట్టలేదు. సేనాపతి దాని పళ్లు చూశాడు. ఇవి మాంసం తినే పళ్లు, మన సైన్యం ఆదమరిచాక పని మొదలుపెడుతుందన్నాడు. మేకమాంసం పెట్టించాడు. ముట్టలేదు. ఆస్థాన పండితుడు దాన్ని మూడుసార్లు కొలిచాడు. మొదటిసారి ఎలుగుబంటి అన్నాడు. రెండోసారి పిల్లి అన్నాడు. మూడోసారి, ఇంకా తాటాకులు కావాలన్నాడు. గారెలు పెట్టించాడు, తనకి ఇష్టమని. అవీ ముట్టలేదు.

మూడోరోజుకి జంతువు పడుకుంది. లేవలేదు. అప్పుడు భయం పట్టుకుంది అందరికీ. కానుక మన దగ్గర చస్తే, అవతలి రాజు సైన్యంతో వస్తాడు.

ఆ పొద్దున వంటశాలకి చాటలు ఇవ్వడానికి మేదరి నాంచారి వచ్చింది. వెదురు చీల్చి బుట్టలు అల్లుకునే మనిషి. అందరూ జంతువుని చూస్తుంటే ఆమె పంజరాన్ని చూసింది. ఒక బద్ద వంచింది. పుటుక్కున విరిగింది. ఇంటికెళ్లి, తన పొదలో లేత కొమ్మలు నరికి, మోపు కట్టి తెచ్చి లోపల పడేసింది. జంతువు లేచి మనిషిలా కూర్చుంది. చేత్తో పట్టుకుని నమిలింది. సాయంత్రం దాకా నమిలింది.

ఎవరూ సంతోషించలేదు. అందరూ నాంచారి వైపు తిరిగారు.

"ఊరికే ఎవరైనా తెచ్చి పెడతారా?" అన్నాడు సేనాపతి.

"నీకెలా తెలిసిందే?" అన్నాడు మంత్రి.

"పంజరం చూస్తే తెలిసింది దొరా. ఇది పూసిన వెదురు. వెదురు పూసిందంటే కొండకి కొండే ఎండిపోతుంది. పూసిన బొంగు పెళుసు, దాంతో మేం కోడిగంప కూడా అల్లం. రాజుగారి కానుకకే ఇది వాడారంటే, వాళ్ల దగ్గర పచ్చిబొంగు ఒక్కటీ మిగల్లేదు. ఈ జంతువు తినేది అదే. లోపలివైపు కొరికిన గుర్తులున్నాయి, చూడండి."

ఎవరూ చూడలేదు. మంత్రి మళ్లీ అడిగాడు. పంజరం చూస్తే తెలిసింది దొరా, అంది. మూడోసారి అడిగాడు. అదే అంది. ఇంత చిన్న జవాబుని ఎవరు నమ్ముతారు?

"నువ్వే మేపు. అది చస్తే నువ్వూ చస్తావు. బతికితే నీ సంగతి తర్వాత చూస్తాం," అన్నాడు రాజు.

మంత్రి ఆమె మీద ఒక వేగుని పెట్టాడు. సేనాపతి ఆ వేగు మీద ఇంకొకణ్ణి పెట్టాడు. పండితుడు వాళ్లిద్దరి మీద మూడోవాణ్ణి పెట్టాడు. ముగ్గురూ ఆమె వాకిట్లో కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు ఆ బద్దలు చీల్చకూడదా నాయనా, అంది నాంచారి. మొదటి ఏడాది బద్దలు చీల్చారు. రెండో ఏడాది తట్టలు అల్లారు. మూడో ఏడాది ఒకడి అల్లిక బాగాలేదని మిగతా ఇద్దరూ ఎగతాళి చేశారు.

పొద నరికిన ప్రతిసారీ నాంచారి నడిమధ్య మూడు బొంగులు వదిలేసేది. ఒకటి దానికి, ఒకటి నాకు, ఒకటి పొదకి, అనేది. అది పదేళ్లు తినాలి, తాను పదేళ్లు బతకాలి.

తొమ్మిదో ఏట వానల్లో జ్వరం వచ్చి నాంచారి పోయింది. కాపలా మానెయ్యమని ఆ ముగ్గురికీ ఎవరూ చెప్పలేదు. అందుకని వాళ్లే మేపారు. వాళ్లూ మూడు బొంగులు వదిలారు.

పదో ఏట కొండలవాళ్లు వచ్చారు. అప్పట్లో అక్కడి వెదురంతా పూసి ఎండిపోయిందట. ఆకలి అని రాయడానికి సిగ్గేసి, వాళ్ల రాజు స్నేహం అని రాశాడట. ఇప్పుడు గింజ పడి మళ్లీ మొలిచిందట. సభలో ఎవరూ నమ్మలేదు. మంత్రి తన వేగుని పిలిచి, పదేళ్లలో ఏం కనిపెట్టావని అడిగాడు.

"పంజరం చూస్తే తెలిసిందట దొరా," అన్నాడు వాడు.

పాత పంజరం ఎప్పుడో పొడైపోయింది. ముగ్గురు వేగులూ కలిసి నాంచారి పొదలోని పచ్చిబొంగుతో కొత్తది అల్లారు. అల్లిక బాగాలేనివాడికి తలుపు అప్పగించారు.

ఇప్పటికీ ఆ వైపు మేదరులు పొద నరికితే మధ్యలో మూడు బొంగులు వదులుతారు. అడిగితే, నాంచారి వాటా అంటారు. ఇంటికి కానుక వస్తే ముసలమ్మలు ముందు బుట్టని చూస్తారు, తర్వాతే లోపలిది.

జంతువు క్షేమంగా కొండలు చేరింది. పంపినప్పటికి రెండింతలు లావుగా ఉంది. అక్కడి రాజు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "ఊరికే ఎవరైనా ఇంత మేపుతారా?" అన్నాడు. దాని మీద ముగ్గురు వేగుల్ని పెట్టాడు.