తేనెకోనలో పేరులేని పిల్లలు

అనగనగా, కొండకూ కొండకూ మధ్య అడవి దట్టంగా అల్లుకున్న రోజుల్లో, తేనెకోన అని ఒక చిన్న రాజ్యం ఉండేది.

ఆ కోనలో బిడ్డ పుడితే, మంత్రసాని దాని నాలుక మీద అడవితేనె ఒక్క చుక్క రాసేది. ఆ చుక్క పడందే పేరు పెట్టేవారు కారు. పేరు పెట్టిన రోజే తండ్రి గొడ్డలి పట్టుకుపోయి, బిడ్డ కోసం ఒక చేనంత అడవి నరికేవాడు. దాన్ని పుట్టుచేను అనేవారు.

ఒక్క కట్టుబాటు మాత్రం ఎవరూ దాటలేదు. తేనెపట్టు ఉన్న చెట్టును ముట్టుకోకూడదు. చుట్టూ అంతా కొట్టినా, ఆ చెట్టుకు దండం పెట్టి వదిలేసేవారు.

నూరు గడపల కోన ఐదు వందలైంది. ఐదు వందలు వెయ్యైంది. పుట్టుచేలు కొండల మీదికి పాకాయి. చేల నడుమ తేనెచెట్లు ఒంటరిగా నిలబడ్డాయి. మన మాట మనం తప్పలేదని జనం మురిసిపోయేవారు.

అలా ఉండగా రాజు మల్లభూపతికి మనవరాలు పుట్టింది. అప్పటికి మిగిలిన అడవి ఎలుగుగుట్ట ఒక్కటే. దాన్ని పాపకు పుట్టుచేనుగా కొట్టించాలని రాజు ముచ్చటపడ్డాడు. గొడ్డళ్లకు పసుపు కూడా రాశారు.

మంత్రసాని నూకాలవ్వ తేనె దాచే సొరబుర్ర వంచింది. చుక్క రాలలేదు.

రాజు బంట్లను వెంటపెట్టుకుని తేనె కోసం తానే బయలుదేరాడు. మొదటి చెట్టు మీద చాటంత పట్టు ఉంది. చెయ్యి తగలగానే ఎండుటాకులా పొడిపొడి అయింది. రెండో చెట్టు పట్టులో చీమలూ, సాలెగూళ్లూ.

దారి పక్కన గుమ్మడిపాదులు విరగబూశాయి. వెతికితే ఒక్క పిందె లేదు. దిష్టి తగిలిందని రైతులు పాదుపాదుకూ పాత చెప్పు కట్టారు.

మూడో చెట్టు ఎలుగుగుట్ట అంచున ఉంది. దాని కింద ఒక ముసలి ఎలుగు కూర్చుని, రాలిపడిన పట్టుముక్కను నాకుతోంది.

"రా రాజా, కూర్చో. ఇద్దరం ఒకే ఖాళీ ముంత కోసం వచ్చాం."

తాము ఒక్క తేనెచెట్టునైనా కొట్టలేదే అన్నాడు రాజు.

"ఇల్లు ఉంచారు, తిండి తీసేశారు. ఇప్ప కొట్టారు, కానుగ కొట్టారు, నేరేడు కొట్టారు. పువ్వు లేకుండా తేనెటీగ ఏం తిని బతుకుతుంది? ఈగ వాలందే నీ గుమ్మడి పిందె ఎలా వేస్తుంది? ఈ గుట్టలో ఇంకా గుప్పెడు ఈగలు మిగిలాయి. రేపు నీ గొడ్డళ్లు వస్తాయటగా."

రాజు వెనక్కి తిరిగి చూశాడు. చేల నిండా తేనెచెట్లు, వాటికి కట్టిన పసుపుతాళ్లు. ఇన్నేళ్లూ దండం పెట్టింది పాడుబడిన ఇళ్లకా అనుకుంటూ కోట దారి పట్టాడు.

కోటలో దివాను ఉపాయం సిద్ధంగా ఉంచాడు. బెల్లంపాకం రాసేస్తే సరి, పసిదానికేం తెలుస్తుందన్నాడు.

నూకాలవ్వ వేలు వెనక్కి తీసుకుంది.

"దీనికి తెలియదు బాబూ. గుట్ట కొట్టాక పుట్టేవాళ్లందరికీ తెలుస్తుంది. కోనలో ఊయలలు పెరిగాయి గానీ, కోన పెరగలేదు."

రాజు పసుపు రాసిన గొడ్డలిని తీసి అటక మీద పెట్టాడు. ఇకపై ఉన్న చేనే పిల్లలు పంచుకోవాలి, బిడ్డ పుట్టిన ప్రతి ఇల్లూ చేలో ఒక ముక్క అడవికి తిరిగివ్వాలి అని చాటించాడు. మొదటి కానుగ మొక్క తన చేలోనే నాటాడు. తేనె దొరికేదాకా పాపకు పేరు వద్దన్నాడు.

రాజుగారి మనవరాలికే లేని పేరు తమ పిల్లలకెందుకని ఊరంతా ఆగిపోయింది. ఏడేళ్లు గడిచాయి. ఏ తల్లి అయినా "ఒసే" అని పిలిస్తే వీధిలో నలభై మంది ఆడపిల్లలు తిరిగి చూసేవారు.

ఎనిమిదో ఏట కానుగలు పూశాయి. గుమ్మడి పిందె వేసింది. మూడో చెట్టు మీద పట్టు బరువుగా వేలాడింది.

పిల్లలంతా వరుసగా నిలబడి నాలుకలు చాపారు. రాజు మనవరాలు చుక్కను చప్పరించి, ఇంకొక్కటి పెట్టమంది.

నూకాలవ్వ బుర్రకు మూత పెట్టి, గుట్ట వైపు చూపించింది. "మిగతాది ఎలుగుది తల్లీ. ఇప్పుడు చెప్పు, నీకు ఏం పేరు పెట్టమంటావు?"

చూశారా పిల్లలూ, మనం ఎంతమందిమైనా సరే, తోటి ప్రాణి కడుపు కొట్టి వేసుకున్న విస్తట్లో చివరికి మనకూ మెతుకు మిగలదు.