మొగలిదీవిలో మాటలేని బిందె

మొగలిదీవి రేవులో దిగిన భక్తులకు ముందుగా కనిపించేది నీళ్లమ్మ గుడి. అమ్మవారి ఎదుట, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న రాతి మనిషి ఒకడుంటాడు. అవతలి ఒడ్డు నుంచి తెచ్చిన బిందెడు నీళ్లు ఆయన పాదాల దగ్గరి తొట్టిలో పోయాలి. పోసేటప్పుడు పెదవి కదపరాదు, ఏమీ మొక్కుకోరాదు. ఇంత దూరం వచ్చి ఉత్తచేతులతో పోవడమేమిటని విసుక్కునేవారు ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ తాగునీటికి వానే ఆధారం. అవతలి ఒడ్డును కరకవాడ ప్రభువులు ఏలేవారు. దీవికి కరువొస్తే వారు నీళ్లు పంపేవారు, కాదనకూడదు. కాని ప్రతి బిందె వెనుకా ఒక మాట ఉండేది. మా జెండా ఎత్తండి, మా సైనికులకు చోటివ్వండి, మేము చెప్పినవారినే పెద్దగా పెట్టుకోండి. ఆ మాటలు మోసినవాడు బొప్పనామాత్యుడు. రాజులు మారారు గాని ఆయన పడవ ప్రయాణం తప్పలేదు. మోసి మోసి ఆయన ప్రాణం విసిగిపోయింది.

ఒక ఏడు చినుకే రాలలేదు. తూర్పు దేశపు ఓడలను ఇక రేవులోకి రానివ్వబోమని దీవివారు మాట ఇస్తేనే నీళ్లు ఇమ్మని రాజాజ్ఞ అయింది. ఆ ఓడలతో బేరమే దీవికి కూడు పెట్టేది. పడవలో మధ్యాహ్నం బొప్పనకు కునుకు పట్టగా అమ్మవారు కలలోకి వచ్చి, "బొప్పనా, ఈ బరువంతా నీళ్లదేనా?" అని అడిగింది. మెలకువ వచ్చేసరికి పడవ రేవు చేరింది.

రేవులో బిందెలు దించారు. జనం గొంతులెండి నిలబడ్డారే గాని ఒక్కరూ ముట్టలేదు. దీవి పెద్ద గురమ్మ ముందుకు వచ్చింది.

"ఏం చెయ్యాలో ముందే సెలవియ్యండి బాబూ. ఆనక తాగుతాం."

బొప్పనకు తల కొట్టేసినట్టయింది. ఏమీ చెయ్యనక్కర్లేదు, తాగండి అన్నాడు. ఎవరు నమ్ముతారు? రేపొచ్చి అడగరా అని గురమ్మ నిలదీసింది.

"అడగడానికి వచ్చేది నేనే కదమ్మా. నేను తిరిగి వెళ్లను."

తలపాగా తీసి పక్కన పెట్టి, తన ఒడ్డుకు వీపు తిప్పి కూలబడ్డాడు. పడవ ఆయన లేకుండానే వెళ్లిపోయింది. అప్పుడు తాగారు.

రాజు ఊరుకుంటాడా? మరొకరిని పంపాడు. వచ్చినవాడు బొప్పనను చూసి, ఏమీ అడగకుండానే వెనుదిరిగాడు. ఆ తరువాతివాడు మాత్రం అడిగాడు. ఈలోగా వాన కురిసింది, గురమ్మ కుదరదని చెప్పి పంపేసింది. బొప్పన అక్కడే కూర్చుని కూర్చుని శిల అయ్యాడని పెద్దలు చెబుతారు.

నేటికీ ఒప్పందాల పని మీద అవతలి ఒడ్డు అధికారులు వస్తూనే ఉంటారు. ఆనవాయితీగా బిందె ఎత్తుతారు, పోస్తూ పోస్తూ పెదవులు కదుపుతారు. పూజారులైన గురమ్మ వంశీకులు ఆ నీటిని మొగలి పొదలకు పోసి మళ్లీ తెమ్మంటారు. ఏమీ కోరకుండా పోసిన నీళ్లే ఇక్కడ తీర్థం, అది పుచ్చుకున్నవారిని అమ్మ చల్లగా చూస్తుంది. అటువంటి బిందె వచ్చేదాకా భక్తులు ఓపిక పట్టవలసిందిగా మనవి.