మాంత్రికుడు పెంచిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడైన మణికేతుణ్ణి మూడేళ్ళప్పుడు ఒక మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. పన్నెండేళ్ళు రాణి మందారవల్లి ఏడ్చింది. ఆఖరికి అన్నలిద్దరూ ఒక తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలు దాటారు. మాంత్రికుడి ప్రాణమున్న చిలక మెడ విరిచారు, వాడు చచ్చాడు, తమ్ముణ్ణి తెచ్చారు. కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

మొదటిరోజు వంటింట్లో బెల్లం దిమ్మ పోయింది. రెండోరోజు పెద్దన్న కడియం పోయింది. రెండూ మణికేతుడి పరుపు కిందే దొరికాయి.

"మన రక్తమేనా వీడు?" అన్నాడు రాజు. "మూడోసారి జరిగితే దేశం దాటిస్తాను. చట్టం ఎవరికైనా ఒకటే."

రాణి సముద్రపు ఒడ్డుకు వెళ్ళి తాబేలును పిలిచింది.

"ఆ మాంత్రికుడి దగ్గర పిల్లల్ని ఎలా పెంచుతారు?"

"పెంచరమ్మా. దొంగిలించి తెచ్చినవాడికే ముద్ద. దొరికిపోయినవాడు పక్కవాడి పేరు చెప్తే, దెబ్బలు పక్కవాడికి."

"మావాడు?"

"బక్కగా ఉన్నాడా?"

"లేడు."

"అయితే బాగానే నేర్చుకున్నాడు."

రాణి కోటకు తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి పూటపూటా తనే కలిపి ముద్దలు పెట్టింది. వాడు తింటూనే ఒక అప్పం నడుములో దోపుకునేవాడు. ఆమె చూసి ఊరుకునేది.

నెల తిరిగేసరికి రాజముద్రిక పోయింది. మణికేతుడి పరుపు సభకు తెచ్చి దులిపితే ఉంగరం దొర్లింది.

"నేనే ఇచ్చాను," అంది రాణి. అలవాటు లేని అబద్ధం.

రాజు ఆమె వైపు ఒక్క అడుగు వేశాడు. మణికేతుడు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఆవిడ ఇవ్వలేదు. నేనే తీశాను. ఆవిణ్ణి కొట్టకండి."

"నేనెందుకు కొడతానురా?"

"దొరికినవాళ్ళను కొడతారుగా."

రాజు వంగి ఉంగరం తీసుకున్నాడు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

"పక్కవాళ్ళ మీదికి నెట్టే వీలుండీ ఒప్పుకున్నవాడికి ఏ శిక్షో మా చట్టంలో లేదు," అన్నాడు. "వీణ్ణి లోపలికి తీసుకెళ్ళు," అన్నాడు రాణితో.

ఆ రోజే మానేశాడనుకునేరు. ఏడేళ్ళు పట్టింది. ఎవరి వస్తువు వారికి తిరిగి ఇచ్చి రావడంతోనే రాణి జుట్టు నెరిసింది.

ఆ మరుసటి ఏడు మణికేతుడికి పెళ్ళి. పీటల మీద ఉండగానే వియ్యాలవారి వెండిచెంబు కనిపించలేదు.

"నేను కాదమ్మా," అన్నాడు మణికేతుడు.

"తెలుసు," అంది రాణి. ఆమెకు తెలీదు.

చెంబు వియ్యపురాలి పెట్టెలోనే దొరికింది. ఆవిడే దాచి మరిచిపోయింది. రాణి ఒక స్తంభానికి ఆనుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

తండ్రి పంచి ఇచ్చిన రేవుల సీమకు మణికేతుడు రాజై, భార్యతో నిండునూరేళ్ళు హాయిగా ఏలాడు. రాణి మందారవల్లి కూడా మెల్లమెల్లగా రాత్రిళ్ళు నిశ్చింతగా నిద్రపోవడం నేర్చుకుంది.